మట్టిబాటపై మంట: గోలేటి ఉపరితల బొగ్గుగనుల నేపథ్యంలో వాహనాల అగ్నిభద్రత, అత్యవసరస్పందన - భాష పాత్ర

వ్యాససంగ్రహం:

ఉపరితల బొగ్గుగనుల్లో డంపర్లు తిరిగేవి మట్టిబాటలు. ఆ బాటమీద ఒక వాహనానికి నిప్పంటుకున్నప్పుడు అగ్నిమాపకదళం చేరేలోగా గడిచే కొద్ది నిమిషాలే మనిషి బతుకును నిర్ణయిస్తాయి. ఆ నిమిషాల్లో అక్కడ ఉండేది వాహనం నడిపే ఆపరేటరు ఒక్కడే. కాబట్టి యంత్రాలు, పరికరాలు, నియమాలతోపాటు అతడు విన్న సూచన, అతడు చెప్పే మాట కూడా భద్రతలో భాగమే. కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లా గోలేటి ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని వాహనాల్లో మంటలు పుట్టే తీరును, మోటారు పందేల చరిత్ర నేర్పిన పాఠాలను, అత్యవసరస్పందనలోని అంచెలను ఈ వ్యాసం వివరిస్తుంది. భద్రతాసూచనల్లో వాడే తెలుగు ఎలా ఉండాలో పరిశీలించి కొన్ని ప్రతిపాదనలు చేస్తుంది.

కీలకపదాలు: గోలేటి, సింగరేణి, ఉపరితలగని, డంపరు, అగ్నిభద్రత, అత్యవసరస్పందన, ప్రమాదం, అగ్గి, భద్రతాభాష.

1. ఉపోద్ఘాతం:

“ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు” అనేది తెలుగువారి నోట నానిన సామెత. అత్యవసరస్పందన గురించి ఆధునిక భద్రతాశాస్త్రం చెప్పేదంతా స్థూలంగా ఈ సామెతలోనే ఉంది. మంట పుట్టాక వెతుక్కునే నీరు, పరికరం, మనిషి సమయానికి అందవు. అవి ముందే ఉండాలి. అయితే ఈ సామెత చెప్పని మరొక సంగతి ఉంది. మంటను చూసినవాడు ఏమని అరవాలి, ఆ అరుపు విన్నవాడికి ఏం అర్థం కావాలి అన్నది కూడా ముందే సిద్ధంగా ఉండవలసిన విషయమే.

గనుల భద్రతపై వచ్చిన రచనల్లో సాంకేతికాంశాలకు పెద్దపీట దక్కింది. సింగరేణి జీవితంపై వచ్చిన తెలుగు కథలు, నవలలు, పాటలు కార్మికుల కష్టాలను చిత్రించాయి. ఈ రెండింటి నడుమ ఉన్న ఒక చిన్న ప్రశ్న ఈ వ్యాసానికి ఆధారం: ఆపద ముంచుకొచ్చిన క్షణంలో కార్మికుడికి అక్కరకు వచ్చే భాష ఏది?

2. గోలేటి: బాయి నుంచి మట్టిబాటకు:

గోలేటి కొమరంభీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉంది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా పునర్విభజన జరిగినప్పుడు ఈ కొత్త జిల్లా ఏర్పడింది. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం గోలేటిలోనే ఉంది. కార్మికుల నివాసాలతో పెరిగిన టౌన్‌షిప్ ఒకవైపు, గోండులు, కొలాములు నివసించే పల్లెలు, అడవి మరొకవైపు ఉన్న ప్రాంతమిది. కైరిగూడ, డోర్లి వంటి ఉపరితలగనుల పేర్లు ఇక్కడివారి నిత్యవ్యవహారంలో భాగం.

సింగరేణి చరిత్ర భూగర్భగనులతో మొదలైంది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు తవ్వకం ఆరంభమైంది. 1920లో సంస్థ ‘సింగరేణి కాలరీస్’ అనే పేరు పొందింది. ఆ కాలం నుంచీ కార్మికుల నోట గని అంటే ‘బాయి’, గనిపని అంటే ‘బాయిపని’. తట్టా చెమ్మస్, సర్దారు, మస్టరు వంటి మాటలు బాయిపనితోనే వారి జీవితంలోకి వచ్చాయి. 1970ల నడుమ రామగుండంలో ఉపరితలగని పద్ధతి మొదలైనప్పటి నుంచి పనితీరు మారుతూ వచ్చింది. ఇప్పుడు సంస్థ బొగ్గు ఉత్పత్తిలో అత్యధికభాగం ఉపరితలగనులదే. మనిషి నేలలోకి దిగి తవ్వే పని తగ్గి, నేలనే విప్పి పైమట్టిని తరలించే పని పెరిగింది. తట్ట స్థానంలో డంపరు, చెమ్మస్ స్థానంలో షావెల్ వచ్చాయి.

దీంతో ఆపదల స్వభావం కూడా మారింది. బాయిలో పైకప్పు కూలడం, విషవాయువులు, నీరు ముంచెత్తడం ప్రధానమైన భయాలు. ఉపరితలగనిలో భయం చక్రాల మీద తిరుగుతుంది. పదుల టన్నుల బరువు మోసే డంపర్లు, మట్టి తరలించే టిప్పర్లు, నీళ్ల ట్యాంకర్లు, జీపులు ఒకే హాల్‌రోడ్డు మీద మూడు షిఫ్టులూ నడుస్తాయి. ఆ రోడ్డు ప్రతి వానకూ బురదవుతుంది, ప్రతి ఎండకూ దుమ్మవుతుంది. ఎండాకాలంలో గోదావరి లోయలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరువవుతుంది. నల్లని బొగ్గుపొర, లోతైన గుంత ఆ వేడిని మరింత పెంచుతాయి. ఇంధనం, వేడి, గాలి అనే మూడూ కలిస్తేనే మంట. ఉపరితలగనిలో ఈ మూడూ ఒకే వాహనంలో పక్కపక్కనే ఉంటాయి.

3. వాహనంలో మంట పుట్టే తీరు:

3.1 నూనె, సెగ:

భారీవాహనాల్లో ఎక్కువగా కనిపించే మంటకు మూలం ఇంజనుగది. డంపరు తొట్టెను పైకి లేపడానికి, చక్రాలు తిప్పడానికి, బ్రేకు వేయడానికి హైడ్రాలిక్ నూనె వాడతారు. ఆ నూనె వాతావరణపీడనానికి వందరెట్లు మించిన ఒత్తిడితో గొట్టాల్లో ప్రవహిస్తుంది. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా నూనె ధారగా కారదు, సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపరైన నూనె ముద్ద నూనెకన్నా ఎంతో తేలికగా అంటుకుంటుంది. అది ఎదురుగా ఉన్న టర్బోచార్జరు మీదనో, పొగగొట్టం మీదనో పడితే నిప్పురవ్వ అవసరం ఉండదు. డీజిలు సుమారు 210 నుంచి 250 డిగ్రీల వేడి తగిలితే తనంతట తాను అంటుకుంటుంది. బరువుతో ఎత్తెక్కుతున్న డంపరు టర్బోచార్జరు వేడి 400 డిగ్రీలను దాటగలదు.

రెండో కారణం విద్యుత్తు. అదురుకు తీగల పైతొడుగు ఇనుపచట్రానికి రాసుకొని అరిగిపోతుంది. తీగ బయటపడి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మూడోది పేరుకున్న మురికి. నూనెజిడ్డుకు బొగ్గుపొడి అంటుకొని ఇంజను చుట్టూ ఒక పొరలా గట్టిపడుతుంది. ఆ పొర వత్తిలా పనిచేస్తుంది. చిన్న మంటను పెద్దది చేస్తుంది, ఆరిన మంటను మళ్లీ రాజేస్తుంది. కాబట్టి ఇంజనును కడిగి శుభ్రం చేయడం కంటికింపు కోసం చేసే పని కాదు, అగ్నిభద్రతలో మొదటి మెట్టు.

3.2 టైరు:

బ్రేకులు వేడెక్కడం వల్లనో, ఇంజను మంట పాకడం వల్లనో టైరు వేడెక్కితే లోపలి రబ్బరు విచ్ఛిన్నమై మండే వాయువులను విడుదల చేస్తుంది. టైరులోని గాలితో అవి కలిసి పేలితే, ఎగిరిపడే ముక్కలు దూరంలో ఉన్నవారినీ బలిగొంటాయి. ఈ పేలుడు మంట ఆరిన తర్వాత కొన్ని గంటలకు కూడా జరగవచ్చు. అందుకే వేడెక్కిన టైరు ఉన్న వాహనానికి సుమారు 300 మీటర్ల దూరంలో ఉండాలనీ, 24 గంటలపాటు దగ్గరకు వెళ్లరాదనీ పలుదేశాల గనిభద్రతా మార్గదర్శకాలు చెబుతాయి. మంట ఆరింది కదా అని చూడటానికి దగ్గరకు వెళ్లడం మన సహజస్వభావం. ఇక్కడ ఆ స్వభావమే ప్రాణాంతకం.

3.3 బొగ్గు:

బొగ్గుకు మరో గుణం ఉంది. గాలిలోని ఆక్సిజనుతో కలిసి అది నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే లోలోపల పెరిగి చివరకు తనంతట తానే రాజుకుంటుంది. బొగ్గుకుప్పల్లోనూ, విడిచిపెట్టిన బెంచీల్లోనూ, భూగర్భగనుల్లో బొగ్గు తీసిన ఖాళీల్లోనూ ఇది జరుగుతుంది. ‘నివురుగప్పిన నిప్పు’ అనే తెలుగు పలుకుబడి ఈ స్థితికి అక్షరాలా సరిపోతుంది. పైన బూడిద, లోన నిప్పు. ఆరిందనుకున్న బొగ్గుకుప్ప పక్కన వాహనాన్ని నిలపడం, దాని మీదుగా నడవడం ఈ కారణంగానే ప్రమాదకరం.

భూగర్భగనిలో ఇలా రాజుకున్నప్పుడు మంటకన్నా ముందు చంపేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజనుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. 1994 జనవరి 25న పశ్చిమబెంగాల్‌లోని న్యూకెండా గనిలో మంటలు రేగినప్పుడు 55 మంది కార్మికులు మరణించారు. ఆ మరణాలకు ప్రధానకారణం ఈ వాయువే. నిప్పు ఒకచోట పుడుతుంది, ప్రాణం మరోచోట పోతుంది అన్నది గనుల చరిత్ర నేర్పిన చేదు పాఠం.

4. మోటారు పందేలు నేర్పిన పాఠాలు:

మట్టిబాట, భారీ ఇంధనం, వేడెక్కిన ఇంజను, దగ్గరగా మనుషులు అన్న నాలుగూ కలిసే మరో చోటు మోటారు పందెం. మట్టిబాటపై జరిగే మోటారు పందేలు, సంక్రాంతికి తెలుగుపల్లెల్లో జరిగే ట్రాక్టరు రివర్స్ పోటీలు ఈ కోవలోనివే. గనికి, పందేనికి ప్రయోజనంలో పోలిక లేదు. ఒకటి జీవనోపాధి, మరొకటి వినోదం. కానీ వాహనం అంటుకున్న క్షణంలో రెండుచోట్లా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: దగ్గరలో ఎవరున్నారు, వారి చేతిలో ఏముంది? ఈ ప్రశ్నకు పందేలరంగం ప్రాణాలు చెల్లించి జవాబులు నేర్చుకుంది. మూడు సంఘటనలు చాలు.

మొదటిది 1967 మే 7న మొనాకోలో జరిగింది. ఇటలీ డ్రైవరు లొరెంజో బందీని కారు బోల్తాపడి అంటుకుంది. బాట అంచున రక్షణ కోసం పేర్చిన ఎండుగడ్డి మోపులే మంటకు ఆహారమయ్యాయి. మూడురోజుల తర్వాత ఆయన మరణించాడు. రక్షణగా పెట్టిన వస్తువే ఇంధనం కాగలదన్నది ఈ సంఘటన చెప్పిన పాఠం. పల్లెల్లో జరిగే పోటీల్లో గడ్డిమోపులను హద్దులుగా పేర్చేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

రెండోది 1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో జరిగింది. రోజర్ విలియమ్సన్ కారు తలకిందులై మండుతుండగా తోటిడ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి పరుగెత్తాడు. కారును ఒంటరిగా తిప్పడానికి ప్రయత్నించాడు, సిలిండరుతో మంటలార్పబోయాడు. దగ్గరలో సిబ్బంది ఉన్నారు కానీ వారికి మంటను తట్టుకునే దుస్తులు లేవు. పందెం ఆగలేదు. విలియమ్సన్ ఆ మంటల్లోనే మరణించాడు. మనుషులు ఉన్నంతమాత్రాన స్పందన ఉన్నట్లు కాదు. శిక్షణ, దుస్తులు, పని ఆపించే అధికారం అనే మూడూ ఉంటేనే అది స్పందన.

మూడోది 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో జరిగింది. రొమాన్ గ్రోజాన్ కారు ఇనుపకంచెను ఢీకొని రెండు ముక్కలై మంటల్లో చిక్కుకుంది. ఆయన 28 సెకన్లలో బయటపడ్డాడు. మంటను తట్టుకునే దుస్తులు, తలను కాపాడే చట్రం, మొదటి చుట్టులో పందెపుకార్ల వెనుకనే వెళ్లే వైద్యవాహనం, సిలిండరుతో పరుగెత్తిన సిబ్బంది అందరూ కలిసి ఆ 28 సెకన్లను సాధ్యం చేశారు. చేతులు కాలినా ప్రాణం దక్కింది. 1973కూ 2020కీ నడుమ మంట స్వభావం మారలేదు, మనుషుల సన్నద్ధత మారింది.

పందెపుబాట పొడవునా సిబ్బందిని నిలబెట్టవచ్చు. కిలోమీటర్ల మేర విస్తరించిన హాల్‌రోడ్డు మీద ఆ అవకాశం లేదు. కాబట్టి గనిలో ప్రతి వాహనమూ తన సిబ్బందిని తానే మోసుకుపోవాలి. డ్రైవరే మొదటి అగ్నిమాపకసైనికుడు.

5. మొదటి నిమిషం:

భారీవాహనాల్లో స్వయంచాలకంగా మంటను గుర్తించి ఆర్పే వ్యవస్థను అమర్చే పద్ధతి ఉంది. వేడిని పసిగట్టే గొట్టమో, తీగో ఇంజనుగదిలో ఉంటుంది. వేడి హద్దు దాటగానే నాజిళ్ల నుంచి పొడి లేదా నురుగు వెలువడుతుంది. పొడి మంటను వేగంగా అణుస్తుంది కానీ చల్లబరచదు. నురుగు నెమ్మదైనా చల్లబరుస్తుంది. ఇనుము వేడిగా ఉండి నూనె కారుతూనే ఉంటే పొడితో ఆరిన మంట మళ్లీ లేస్తుంది. అందుకే రెండూ కలిసిన వ్యవస్థ మేలు. ఇంజను ఆపకపోతే పంపు నూనెను చిమ్ముతూనే ఉంటుంది కాబట్టి, ఏ వ్యవస్థ ఉన్నా ఇంజను ఆపడం తప్పదు.

ఆపరేటరు చేయవలసిన పనుల వరుస ఇది: వాహనాన్ని వీలైనంత చదునైన చోట ఆపి పార్కింగ్ బ్రేకు వేయాలి. ఇంజను ఆపాలి. ఆర్పేవ్యవస్థ మీట నొక్కాలి. రేడియోలో చెప్పాలి. మంట లేనివైపు నుంచి నిచ్చెన పట్టుకొని దిగాలి. గాలి వీచే దిక్కుకు ఎదురుగా, టైర్లకు దూరంగా వెళ్లాలి. ఈ వరుసలో రెండు చిక్కులున్నాయి. డంపరు క్యాబిను ఒక మేడంత ఎత్తులో ఉంటుంది. భయంతో దూకితే కాళ్లు విరుగుతాయి. విరిగిన కాళ్లతో మంట పక్కనే పడి ఉండవలసి వస్తుంది. రెండోది, దిగిన తర్వాత సంచీ కోసమో, సెల్‌ఫోను కోసమో మళ్లీ ఎక్కడం. ఈ రెండింటినీ శిక్షణలో మాటలతో చెబితే చాలదు, ఆగి ఉన్న వాహనం మీద చేయించి చూపాలి.

చేతిసిలిండరు విషయంలో తెలుసుకోవలసింది దాని శక్తికన్నా దాని పరిమితి. 9 కిలోల పొడి సిలిండరు అర నిమిషంలోపే ఖాళీ అవుతుంది. పిన్ను లాగి, మంట మొదటికి గురిపెట్టి, మీట నొక్కి, ఇటూ అటూ ఊపాలి. జ్వాల కొనమీద చల్లితే ఆ అర నిమిషం వృథా. ఒక సిలిండరుతో ఆరని మంట ఆపరేటరు ఆర్పగలిగే మంట కాదు. అప్పుడు వెనుదిరగడమే విధి. యంత్రాన్ని మళ్లీ కొనవచ్చు.

ఒళ్లు కాలినవారికి మొదటి చికిత్స పారే చల్లని నీరు. సుమారు 20 నిమిషాలు నీరు పోయాలి. మన ఇళ్లలో అలవాటైన సిరా, టూత్‌పేస్టు, పసుపు కాలిన చోట పూయకూడదు. అవి వేడిని లోపలే నిలుపుతాయి, వైద్యుడు గాయాన్ని చూడటానికి అడ్డమవుతాయి. అంటుకుపోయిన బట్టను లాగకూడదు.

6. తర్వాతి అంచె:

మొదటి నిమిషం ఆపరేటరుది. తర్వాతి నిమిషాలు చుట్టూ ఉన్నవారివి. దుమ్ము అణచడానికి హాల్‌రోడ్డు మీద తిరిగే నీళ్ల ట్యాంకరు ఇక్కడ కీలకం. దానికి దూరం నుంచి నీరు చిమ్మే గొట్టం ఉండి, దాని డ్రైవరుకు శిక్షణ ఉంటే అదే అందరికన్నా ముందు చేరే అగ్నిమాపకవాహనం. ట్యాంకరు ఎప్పుడూ సగమైనా నిండి ఉండటం, అది ఎక్కడ ఉందో షిఫ్టు అధికారికి తెలిసి ఉండటం ముఖ్యం. ఇతరవాహనాలు బాటను వదిలి పక్కకు ఆగడం కూడా స్పందనలో భాగమే.

ఆపై అంచె రక్షణబృందాలది. గనుల్లో రక్షణకేంద్రాల ఏర్పాటు, శిక్షణ 1985 నాటి గనుల రక్షణ నియమాలతో స్పష్టరూపం పొందాయి. సింగరేణికి రామగుండంలో గనుల రక్షణకేంద్రం ఉంది. గంటలతరబడి శ్వాసకు ఆధారమిచ్చే పరికరాలు ధరించి పొగలోకి వెళ్లడంలో ఈ బృందాలు తర్ఫీదు పొందుతాయి. వారి నైపుణ్యం బొగ్గుగనులకే పరిమితం కాదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిదిమంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రక్షణసిబ్బంది అక్కడి గాలింపులో పాల్గొన్నారు.

రక్షణబృందాల పద్ధతిలో భాషకు సంబంధించిన ఒక విశేషం ఉంది. శ్వాసపరికరం ధరించినవాడు స్పష్టంగా మాట్లాడలేడు. అందుకే ప్రపంచవ్యాప్తంగా గనుల రక్షణబృందాలు హారను మోతల సంఖ్యతో సంకేతాలు ఏర్పరచుకున్నాయి. మాట పనిచేయని చోట ఏం చేయాలో వారు ముందే ఆలోచించారు. మరి మాట పనిచేసే చోట, అంటే ఆపరేటరు రేడియో చేతబట్టిన ఆ మొదటి నిమిషంలో, ఏ మాట చెప్పాలో అంత శ్రద్ధగా ఆలోచించడం అవసరం.

7. భద్రతలో తెలుగు:

7.1 ‘ప్రమాదం’ అనే మాట:

అగ్నిభద్రతకు సంబంధించిన తెలుగు రాతల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పదం ‘ప్రమాదం’. సంస్కృతంలో ఈ పదానికి ముఖ్యార్థం ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగులో ‘అప్రమత్తం’ అనే మాట ఇప్పటికీ ఆ అర్థాన్నే నిలుపుకుంది. ఏమరకుండా ఉన్నవాడు అప్రమత్తుడు. కానీ ‘ప్రమాదం’ మాత్రం తెలుగులో దారి మార్చుకుంది. జరిగిన సంఘటననూ ప్రమాదమే అంటారు, జరగబోయే ఆపదనూ ప్రమాదమే అంటారు. ‘ప్రమాదవశాత్తు’ అన్నప్పుడైతే ఎవరి అజాగ్రత్తా లేకుండా యాదృచ్ఛికంగా జరిగిందన్న అర్థం వస్తుంది. మూలార్థానికి ఇది దాదాపు తలకిందులు.

ఈ అర్థపరిణామం వ్యాకరణవేత్తకే కాదు, గనికార్మికుడికీ పట్టింపు ఉన్న విషయం. ‘ప్రమాదవశాత్తు డంపరుకు మంటలు అంటుకున్నాయి’ అని రాయగానే నూనె కారిన గొట్టం, అరిగిన తీగ, కడగని ఇంజను వాక్యం నుంచి మాయమవుతాయి. కారణం మాయమైతే అదే కారణం మరో వాహనంలో పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి భద్రతారచనలో మూడు మాటలను వేరు చేసుకోవడం మేలు. గొట్టం నుంచి నూనె కారుతున్న స్థితి ‘ముప్పు’. అది అంటుకోవడం ‘ప్రమాదం’. దానివల్ల కలిగేది ‘నష్టం’. ముప్పు దగ్గరే ఆపగలిగితే మిగిలిన రెండూ ఉండవు.

‘గండం గడిచింది’ అనే పలుకుబడిదీ ఇదే కథ. ఇంజను నుంచి పొగ వచ్చి దానంతటదే ఆగిపోతే కార్మికుడు ఈ మాట అనుకొని ఊపిరి పీల్చుకుంటాడు. ఈ మాటతో విషయం ముగిసిపోతుంది. భద్రతాశాస్త్రం దృష్టిలో అక్కడే విషయం మొదలవుతుంది. తృటిలో తప్పిన ప్రతి సంఘటననూ నమోదు చేయడం, చెప్పినవారిని తప్పుపట్టకుండా కారణాన్ని వెతకడం రాబోయే మంటను ముందే ఆర్పడంతో సమానం.

7.2 సూచనల వాక్యనిర్మాణం:

గనుల చట్టాల ముఖ్యాంశాలను ఇంగ్లీషుతోపాటు నిర్దేశించిన ఇతరభాషల్లోనూ గనివద్ద ప్రదర్శించాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. భాష మార్చినంతమాత్రాన అర్థమవుతుందని చెప్పలేం. పోలిక కోసం రెండు వాక్యాలను చూడవచ్చు.

అ) “అగ్నిప్రమాదం సంభవించిన యెడల వాహనచోదకుడు అత్యవసర నిర్గమనమార్గం ద్వారా నిష్క్రమించవలెను.”
ఆ) “మంట కనబడితే బండి ఆపు. ఇంజను ఆపు. మంట లేనివైపు నుంచి దిగు.”

రెండూ తెలుగే. మొదటిది చదివి అర్థం చేసుకోవలసిన వాక్యం. రెండోది వినగానే చేయి కదిలించే వాక్యం. మొదటిదాంట్లో కర్త మూడోమనిషి, క్రియ చివరన ఉంది, ఒక్క పని కూడా విడిగా లేదు. రెండోదాంట్లో విధ్యర్థక క్రియ, ఒక్కో వాక్యానికి ఒక్కో పని, చేసే క్రమంలోనే చెప్పే క్రమం ఉన్నాయి. నిబంధన రాసేటప్పుడు మొదటి శైలికి చోటుండవచ్చు. క్యాబినులో అంటించే చీటీకి రెండోదే తగినది. మర్యాద కావాలంటే ‘ఆపండి, దిగండి’ అనవచ్చు, అర్థానికి లోటు రాదు.

కొన్ని అనువాదపదాలు తప్పుదారి పట్టిస్తాయి కూడా. ఆపదవేళ అందరూ చేరవలసిన చోటుకు ‘సమావేశస్థలం’ అని రాస్తే మీటింగు జరిగే చోటు స్ఫురిస్తుంది. ‘మంట వస్తే ఇక్కడికి రండి’ అని రాస్తే మరో వివరణ అక్కర్లేదు.

7.3 పిలుపు:

గోలేటి గనుల్లో వినిపించేది ఒక్క తెలుగు కాదు. తెలంగాణ తెలుగు, ఉర్దూ కలిసిన మాట, సరిహద్దు మరాఠీ, గోండి, కొలామి ఉన్నాయి. మట్టి తరలించే పనుల్లోకి ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చే డ్రైవర్ల హిందీ ఉంది. రేడియోలో ఒకడు అరిచినప్పుడు వీరందరికీ ఒకేసారి అర్థమయ్యే మాట ఏదైనా ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు స్థానికవ్యవహారంలోనే దొరుకుతుంది. తెలంగాణలో నిప్పును ‘అగ్గి’ అంటారు. సంస్కృత ‘అగ్ని’కి ఇది వికృతి. ప్రాకృతంలోనూ ఈ రూపం ‘అగ్గి’యే. ఆ ప్రాకృతరూపం నుంచే హిందీ ‘ఆగ్’, మరాఠీ ‘ఆగ్’ వచ్చాయి. కాబట్టి తెలుగు కార్మికుడు ‘అగ్గి’ అని అరిస్తే హిందీ, మరాఠీ మాట్లాడేవారికి కూడా అది తమ మాటలాగే వినిపిస్తుంది. ‘నిప్పు’, ‘మంట’ అనే అచ్చతెలుగు మాటలకు గానీ, ‘అగ్నిప్రమాదం’ అనే సమాసానికి గానీ ఈ సౌలభ్యం లేదు. గోండి, కొలామి భాషల్లో నిప్పును ‘కిస్’ అంటారు. తెలుగు ‘చిచ్చు’, కన్నడ ‘కిచ్చు’ దానికి సోదరరూపాలు. ఆ భాషలవారు తెలుగు వ్యవహారంలోని ‘అగ్గి’ని ఎరిగినవారే అయినా, శిక్షణలో వారి మాటను కూడా పలకడం వారిని ఆ పనిలో భాగస్వాములను చేస్తుంది.

సముద్రయానంలో, విమానయానంలో ఆపదపిలుపును మూడుసార్లు పలుకుతారు. అదే పద్ధతిలో గనిపిలుపు ఇలా ఉండవచ్చు: “అగ్గి, అగ్గి, అగ్గి. ఏడో నంబరు డంపరు. మూడో బెంచీ ర్యాంపు. మనిషి దిగిండు.” ఏమైంది, ఏ వాహనం, ఎక్కడ, మనిషి ఏ స్థితిలో ఉన్నాడు అనే నాలుగు సంగతులూ పదకొండు మాటల్లో అందుతాయి. చివరి మాట లేకపోతే వచ్చినవారు ఖాళీ క్యాబిను కోసం ప్రాణాలకు తెగిస్తారు, లేదా మనిషి లోపలే ఉండగా బయట నిలబడతారు.

చిన్నమాట ఎంత పనిచేస్తుందో తెలుగువారికి అనుభవమే. 2005 ఆగస్టు 15న మొదలైన అంబులెన్స్ సేవ పేరు కొన్నాళ్లకే ‘నూటెనిమిది’గా స్థిరపడింది. అక్షరం రానివారు కూడా ఆ సంఖ్యను నామవాచకంగా వాడుతున్నారు. పరికరంతోపాటు పిలుపు కూడా ప్రజలదైనప్పుడే సేవ వారిదవుతుంది.

8. ముగింపు:

ఉపరితలగనిలో వాహనానికి నిప్పంటుకోవడం ఆకస్మికంగా కనిపించినా దాని వెనుక కారిన నూనె, అరిగిన తీగ, పేరుకున్న మురికి, వేడెక్కిన బ్రేకు వంటి కారణాలుంటాయి. వీటిని ముందే చూడగలిగేవాడు ఆ వాహనాన్ని రోజూ నడిపే ఆపరేటరే. మంట పుట్టాక మొదటి నిమిషం కూడా అతడిదే. మోటారు పందేల చరిత్ర చెబుతున్నట్లు పరికరం, శిక్షణ, ఆపించే అధికారం కలిసినప్పుడే ఆ నిమిషం ప్రాణం నిలుపుతుంది.

ఈ పరిశీలన ఆధారంగా కొన్ని ప్రతిపాదనలు చేయవచ్చు. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

* క్యాబినులోని సూచనలను ఒక వాక్యానికి ఒక పనిగా, చేసే క్రమంలో, వ్యవహారభాషలో రాయాలి.
* గనిలోని భాషలన్నిటికీ దగ్గరైన ఒకే ఆపదపిలుపును నిర్ణయించి మస్టరు దగ్గర అందరిచేతా పలికించాలి.
* ‘ముప్పు’ను ‘ప్రమాదం’ నుంచి వేరుచేసి, తృటిలో తప్పిన సంఘటనలను కార్మికుడు తన మాటల్లోనే చెప్పే వీలు కల్పించాలి.
* ఒప్పంద కార్మికులకూ, పొరుగురాష్ట్రాల డ్రైవర్లకూ వారి భాషలో ఇదే శిక్షణ అందాలి.
* పల్లెల్లో వాహనపోటీలు నిర్వహించేవారు గడ్డిమోపుల హద్దులను మానాలి. ఇంధనాన్ని జనానికి దూరంగా ఉంచాలి. సిలిండరు పట్టడం తెలిసిన మనుషులను బాట పొడవునా నిలపాలి.

బాయి కాలంలో సర్దారు, మస్టరు వంటి పరాయి మాటలను సింగరేణి కార్మికులు తమవి చేసుకున్నారు. వాటితో తమ పనినీ, తమ బతుకునూ చెప్పుకున్నారు. మట్టిబాటల కాలంలో భద్రతకు కూడా అటువంటి సొంతమాటలు కావాలి. రాత్రి షిఫ్టులో ర్యాంపు మీద ఒంటరిగా ఉన్న ఆపరేటరుకు నిఘంటువు తోడురాదు. నోటికి వచ్చిన మాటే తోడు. ఆ మాట సరైనదై ఉండేలా చూడటం భద్రతాధికారులతోపాటు భాషావేత్తల బాధ్యత కూడా.